టిఫిన్ మానేస్తే మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? విరామ ఉపవాసంపై డాక్టర్ల సలహాలు ఎందుకు వేర్వేరుగా ఉంటున్నాయి

సంక్షిప్తంగా: రోజులో కొన్ని గంటలు మాత్రమే తిని మిగతా సమయం కడుపు ఖాళీగా ఉంచే విరామ ఉపవాసం, బరువు తగ్గించే విషయంలో, మామూలుగా తిండి తగ్గించడం కన్నా పెద్దగా మెరుగైనది కాదని మనుషులపై జరిగిన ప్రయోగాలు చెబుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు అది కీడు చేస్తుందని కూడా రుజువు కాలేదు. షుగర్, బీపీ మందులు వాడేవారికి మాత్రం తిండి వేళ మారితే మందు వేళ, కొన్నిసార్లు మోతాదు కూడా మారాలి. డాక్టరుతో జరగాల్సిన అసలు సంభాషణ దాని గురించే అయినా, చాలా సందర్భాల్లో జరగనిది కూడా అదే.

## ఒకే ప్రశ్నకు నాలుగు జవాబులు

హైదరాబాద్‌లో ఇప్పుడు ‘సిక్స్‌టీన్ ఎయిట్’ అంటే ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం 12 గంటల నుంచి రాత్రి 8 గంటల వరకే తిని, మిగతా 16 గంటలు మంచినీళ్లతో, పాలు కలపని టీ కాఫీలతో గడిపే పద్ధతి అది. వారంలో ఐదు రోజులు మామూలుగా తిని రెండు రోజులు బాగా తగ్గించే 5:2 పద్ధతి, రోజు విడిచి రోజు ఉపవాసం కూడా ఉన్నాయి గాని, ఈ నగరంలో మాదాపూర్ ఆఫీసుల్లోనైనా, కాలనీ పార్కుల ఉదయపు నడకల్లోనైనా ఎక్కువగా వినిపించేది 16:8 పేరే.

చిక్కల్లా డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మొదలవుతుంది. కాలేయంలో కొవ్వు చేరిందని చూపించుకుంటే, ‘ఎలాగైనా సరే, ముందు బరువు తగ్గండి’ అన్న మాట వినిపిస్తుంది. షుగర్ డాక్టరు అదే ఉపవాసాన్ని వద్దంటారు. గుండె డాక్టరు ఎనిమిది గంటల్లోనే తినడంపై వచ్చిన హెచ్చరికను గుర్తుచేస్తారు. డైటీషియన్ ఉపవాసం సంగతి పక్కన పెట్టి ఆ ఎనిమిది గంటల్లో ఏం తింటున్నారని అడుగుతారు. నలుగురూ అర్హత ఉన్నవారే. రోగికి మాత్రం వైద్యశాస్త్రంలోనే ఏకాభిప్రాయం లేదన్న భావన కలిగి, చివరికి యూట్యూబ్‌లో గట్టిగా మాట్లాడేవారి మాటే నిజమనిపిస్తుంది.

ఈ తేడాలో పెద్ద భాగం శాస్త్రంలోని తేడా కాదు. ప్రతి వైద్యుడి ముందుకు వచ్చే రోగులు వేరు, వారు చూసే ప్రమాదాలు వేరు. ఎండోక్రినాలజిస్టు, అంటే షుగర్ డాక్టరు, లో షుగర్‌తో పడిపోయి ఎమర్జెన్సీకి వచ్చినవారిని చూస్తారు. కాలేయ నిపుణుల ముందు వేరే దృశ్యం ఉంటుంది. హైదరాబాద్‌లోని 345 మంది ఐటీ ఉద్యోగులపై జరిగి 2025లో ప్రచురితమైన అధ్యయనంలో సుమారు 84 శాతం మంది కాలేయంలో కొవ్వు అధికంగా కనిపించింది. ఒకే నగరంలోని కొద్దిమందిని చూసిన లెక్క కాబట్టి దాన్ని అందరికీ వర్తింపజేయలేము. అయినా రోజూ అలాంటి స్కాన్ రిపోర్టులే చూసే వైద్యుడికి బరువు తగ్గించే ఏ మార్గమైనా ఆదరణీయంగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

రెండో కారణం సమయం. 67 దేశాల సమాచారంతో 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం, భారతదేశంలో ప్రాథమిక స్థాయి వైద్యుడు ఒక్కో రోగితో గడిపే సమయం సగటున రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ. ఆ వ్యవధిలో ‘ఉపవాసం మంచిదేనా డాక్టరుగారూ?’ అని అడిగితే ‘మంచిదే’ అనో ‘వద్దు’ అనో మాత్రమే జవాబు వస్తుంది. రోగి ఏ మాత్రలు ఏ వేళకు వేసుకుంటున్నారో, రాత్రి భోజనం ఎన్నింటికో, ఉద్యోగం పగటి షిఫ్టో రాత్రి షిఫ్టో ఆ జవాబులో ఇమడవు.

## ఆగిన తిండి, ఆగని శరీరం

భోజనం చేసిన తర్వాత రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది, దానితో పాటు ఇన్సులిన్ పెరుగుతుంది. అప్పటికప్పుడు ఖర్చు కాని గ్లూకోజ్‌లో కొంత కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ అవుతుంది. పెద్దవారి కాలేయంలో ఈ నిల్వ సుమారు 100 గ్రాములు ఉంటుంది. తిండి ఆగాక మెదడుకు, రక్తకణాలకు గ్లూకోజ్ అందించేది ముందుగా ఈ నిల్వే. రాత్రంతా అది కరుగుతూ పోయి, పన్నెండు గంటలు దాటాక బాగా తగ్గుముఖం పడుతుంది. ఆ దశలో ఇన్సులిన్ తక్కువగా ఉంటుంది గనుక కొవ్వు కణాల నుంచి కొవ్వు ఆమ్లాలు విడుదలవుతాయి, కాలేయం వాటిలో కొన్నింటిని కీటోన్లు అనే ప్రత్యామ్నాయ ఇంధనంగా మారుస్తుంది. ఉపవాసం గురించి చెప్పేవారు ‘ఇంధనం మారడం’ అనేది దీన్నే.

ఇక్కడిదాకా ఎవరికీ అభ్యంతరం లేదు. ఇంధనం మారినంత మాత్రాన శరీరంలోని కొవ్వు మొత్తంగా తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. పదహారు గంటలు కొవ్వును కరిగించి, తర్వాతి ఎనిమిది గంటల్లో ఒక ఫుల్ బిర్యానీ, డబుల్ కా మీఠా, రెండు కప్పుల ఇరానీ చాయ్ తీసుకుంటే ఆ రోజు నికరంగా మిగిలేది లాభమా నష్టమా అన్నది మొత్తం కేలరీలను బట్టే తేలుతుంది. తిండి తక్కువ గంటలకు పరిమితమైనప్పుడు చాలామంది తమకు తెలియకుండానే తక్కువ తింటారు, అందుకే బరువు తగ్గుతారు. ఇది ఉపవాసంలోని లోపమేమీ కాదు. కేలరీలు లెక్కపెట్టడం చేతకానివారికి గడియారం చూసుకోవడం తేలిక, ఆ మేరకు అది పనికొచ్చే సాధనమే.

## ప్రయోగాల్లో తేలినది

ఈ పద్ధతికి మొదట ఊపు ఇచ్చినవి ఎలుకలు. అమెరికాలోని సాక్ సంస్థలో సచ్చిదానంద పాండా బృందం 2012లో ప్రచురించిన ప్రయోగంలో, కొవ్వు ఎక్కువగా ఉన్న ఆహారాన్ని ఎనిమిది గంటల్లో మాత్రమే తిన్న ఎలుకలు, అదే ఆహారాన్ని రోజంతా తిన్నవాటిలా లావెక్కలేదు. ఎలుక జీవితకాలం, జీవక్రియ వేగం మనిషికి సరిపోలవు. దానికి ఒక రోజు తిండి లేకపోవడం మనకు ఒక రోజు లేకపోవడంతో సమానం కాదు.

మనుషులతో చేసిన ప్రయోగాలు ఈ ఉత్సాహాన్ని తగ్గించాయి. రోజు విడిచి రోజు ఉపవాసాన్ని, రోజూ కొంచెం తక్కువ తినడాన్ని వంద మందిలో ఏడాది పాటు పోల్చి 2017లో అమెరికాలో వెలువరించిన ఫలితాల్లో బరువు తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఉపవాసం చేసినవారిలో 38 శాతం మంది, రోజూ తక్కువ తిన్నవారిలో 29 శాతం మంది మధ్యలోనే మానేశారు. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో 139 మంది స్థూలకాయులతో జరిగి 2022లో ప్రచురితమైన మరో ప్రయోగంలో ఇరు బృందాలకూ కేలరీలు తగ్గించారు. ఒక బృందం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకే తిన్నది. ఏడాది తర్వాత ఆ బృందం సగటున 8 కిలోలు, వేళ నియమం లేని బృందం 6.3 కిలోలు తగ్గాయి. గణాంకాల దృష్టిలో ఇది నిలబడే తేడా కాదు. 99 ప్రయోగాలను కలిపి పరిశీలించి 2025లో బీఎంజే ప్రచురించిన విశ్లేషణలో రోజు విడిచి రోజు ఉపవాసానికి మాత్రం మామూలు మితాహారం కన్నా సుమారు 1.3 కిలోల ఆధిక్యం కనిపించింది. 16:8 తరహా పద్ధతులకు అదీ దక్కలేదు.

హైదరాబాద్ పాఠకులు ఎక్కువగా పట్టించుకోవాల్సిన ఫలితం ఇంకొకటి ఉంది. 116 మందితో 12 వారాలు సాగి 2020లో వెలువడిన అమెరికా ప్రయోగంలో సరిగ్గా ఇక్కడ అందరూ చేస్తున్న మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 పద్ధతినే పరీక్షించారు. మూడు పూటలా తిన్నవారితో పోలిస్తే బరువులో తేడా నామమాత్రం. వారిలో కొందరిని ల్యాబ్‌కు పిలిచి విడిగా కొలిచినప్పుడు, 16:8 పాటించినవారు కోల్పోయిన బరువులో దాదాపు 65 శాతం కొవ్వు కాదు, కండరాలతో కూడిన భాగమని తేలింది. అది చిన్న ప్రయోగమే, ఒక్కదానిమీదే తీర్పు చెప్పలేము. కాని భారతీయుల విషయంలో దీనికి ఎక్కువ విలువ ఇవ్వాల్సి ఉంది. చూడటానికి సన్నగా ఉన్నా కండ తక్కువ, పొట్ట కొవ్వు ఎక్కువ అన్న శరీర లక్షణం మనలో సాధారణం. అందుకే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచీ) 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా ఇక్కడి వైద్యులు లెక్కిస్తారు. ఉన్న కాస్త కండా తగ్గితే గ్లూకోజ్‌ను వాడుకునే చోటే తగ్గిపోతుంది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఇంచుమించు 6 గ్రాములు. పొద్దున పెసరట్టో, ఇడ్లీ సాంబారో మానేసి, మధ్యాహ్నం అన్నం, పల్చని పప్పు, వేపుడు, రాత్రి అన్నం, పచ్చడి, పెరుగుతో ముగించేవారికి 50 గ్రాములు అందడం కష్టం. డైటీషియన్ ‘ఏం తింటున్నారు’ అని అడిగే ప్రశ్న వెనుక ఉన్న లెక్క ఇదే.

## నోబెల్ బహుమతి, 91 శాతం: రెండు అపోహలు

ఉపవాసం వల్ల కణాలు తమ చెత్తను తామే శుభ్రం చేసుకుంటాయని, దానికి నోబెల్ కూడా వచ్చిందని వాట్సాప్‌లో తరచూ తిరుగుతుంటుంది. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి వైద్యరంగ నోబెల్ వచ్చిన మాట నిజం. ఆటోఫాజీ అనే ఆ ప్రక్రియ ఎలా నడుస్తుందో ఆయన ఈస్ట్ కణాల్లో కనుగొన్నారు. బహుమతి ఆ యంత్రాంగాన్ని వివరించినందుకే గాని, టిఫిన్ మానేయమని చెప్పినందుకు కాదు. ఎన్ని గంటల ఉపవాసంతో మనిషి శరీరంలో అది ఎంత పెరుగుతుందో తెలిపే పరీక్ష మామూలు ల్యాబుల్లో లేదు. ‘16 గంటలు దాటగానే ఆటోఫాజీ మొదలు’ అని గీసే పట్టికలు ఊహలే.

దీనికి ఎదురుగా నిలిచేది 2024 మార్చిలో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సమావేశంలో వెల్లడైన విశ్లేషణ. రోజులో ఎనిమిది గంటలకన్నా తక్కువ వ్యవధిలో తినేవారికి, 12 నుంచి 16 గంటల వ్యవధిలో తినేవారితో పోలిస్తే, గుండె జబ్బులతో మరణించే ముప్పు 91 శాతం ఎక్కువగా కనబడిందని అందులో ఉంది. ఇరవై వేలమంది పెద్దల సర్వే సమాచారం మీద ఆధారపడిన లెక్క అది. ఏవో రెండు రోజుల్లో ఏం తిన్నారో వారు గుర్తు తెచ్చుకుని చెప్పినదాన్ని బట్టి వారి అలవాటును నిర్ణయించి, తర్వాతి ఏళ్లలో ఎవరు మరణించారో చూశారు. జబ్బు వల్ల ఆకలి చచ్చినవారు, డబ్బు లేక ఒక పూట తినేవారు, సిగరెట్లతో కడుపు నింపుకునేవారు, రెండు షిఫ్టుల మధ్య తినే తీరిక లేనివారు, ఉద్దేశపూర్వకంగా ఉపవాసం ఉండేవారు అందరూ ఆ ‘ఎనిమిది గంటల’ గంపలోనే పడ్డారు. ఇలాంటి లెక్క అనుమానాన్ని లేవనెత్తగలదు, కారణాన్ని నిరూపించలేదు. గుండె డాక్టరు జాగ్రత్త పడటం సబబే. రోగి భయపడి ఇల్లెక్కి అరవాల్సినంతగా అందులో ఏమీ లేదు.

## మాత్రల దగ్గర అసలు చిక్కు

పై చర్చంతా మందులేవీ వాడని మనిషి గురించి. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని, పెద్దల్లో 35.5 శాతం మందికి బీపీ ఉందని అంచనా వేసింది. నలభై దాటి బరువు తగ్గాలనుకునే వారిలో చాలామంది జేబులో ఒక మాత్రల స్ట్రిప్పు ఉంటుందన్నమాట.

ఉదాహరణకు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే యాభై ఏళ్ల ఉద్యోగిని ఊహించుకుందాం. మందుల చీటీలో గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర ఎదురుగా ‘1-0-1, తిండికి ముందు’ అని రాసి ఉంది. ఏళ్లుగా అలవాటైన ప్రకారం ఎనిమిదింటికి మాత్ర వేసుకున్నారు, కొత్త నియమం ప్రకారం టిఫిన్ మానేశారు. గ్లిమెపిరైడ్ పని క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ విడుదల చేయించడం. కడుపులో తిండి ఉందో లేదో అది చూడదు. రెడ్ లైన్ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మెట్లెక్కి దిగి, బ్లూ లైన్ మారి రాయదుర్గం చేరే సరికి పది దాటుతుంది. రాత్రి నుంచి కరుగుతున్న గ్లైకోజెన్, పైన మాత్ర తోసిన ఇన్సులిన్, మధ్యలో నడక, మెట్లు. చేతులు వణకడం, గుండెదడ, చెమటలు పట్టడం, కళ్లు తిరగడం ఆ వేళకు మొదలైతే దాన్ని ‘ఉపవాసానికి శరీరం అలవాటు పడుతోంది’ అని సరిపెట్టుకునే ప్రమాదం ఉంది. రక్తంలో గ్లూకోజ్ డెసిలీటర్‌కు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే అది లో షుగర్. 54 కన్నా తగ్గితే తీవ్రమైనదే.

మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి బీపీ మాత్రలు కూడా వాడుతున్నట్లయితే వణుకు, గుండెదడ బయటికి కనబడకపోవచ్చు, చెమట మాత్రమే మిగులుతుంది. మే నెలలో హైదరాబాద్‌లో చెమటను ఎవరు అనుమానిస్తారు? వోగ్లిబోస్ కూడా కలిసిన మూడు మందుల మాత్ర వాడేవారికి ఇంకో మెలిక. ఆ మందు పంచదార జీర్ణమయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. కాబట్టి లో షుగర్ వచ్చినప్పుడు చక్కెర, చాక్లెట్ కన్నా గ్లూకోజ్ పొడే పనిచేస్తుంది. దాదాపు 15 గ్రాములు నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. ఈ ఒక్క వివరం చెప్పకపోవడం వల్ల ఇంట్లోవాళ్లు పంచదార నీళ్లు పట్టించి ఎదురుచూస్తూ కూర్చునే పరిస్థితి వస్తుంది.

అన్ని షుగర్ మందులూ ఇలా ప్రమాదకరం కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే లో షుగర్ అరుదు. ఖాళీ కడుపున వికారం పుట్టిస్తుంది గనుక భోజనంతోపాటు మారిస్తే చాలు. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ వంటివి రక్తంలో గ్లూకోజ్ పెరిగినప్పుడే పనిచేస్తాయి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ విషయంలోనే డాక్టరు మోతాదు తగ్గించడమో, వేళ మార్చడమో చేయాలి. మందుల షాపులో పాత చీటీ చూపించి అవే మాత్రలు మళ్లీ మళ్లీ తెచ్చుకునే అలవాటు ఉన్నచోట ఈ మార్పు ఎవరి దృష్టికీ రాదు.

వేరే రకం ప్రమాదం డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్‌లతో ఉంది. 2020లో మొదటిదానికి, 2025లో రెండోదానికి పేటెంట్లు ముగిసి ధరలు దిగాక ఇవి చాలా చీటీల్లోకి వచ్చాయి. గుండెకు, కిడ్నీలకు మేలు చేసే మంచి మందులు ఇవి. మూత్రంలో గ్లూకోజ్‌ను పంపించేయడం వీటి పని. అన్నం, రొట్టెలు బాగా తగ్గించి, పైన గంటల తరబడి ఉపవాసం కూడా ఉంటే రక్తంలో కీటోన్లు ప్రమాదకర స్థాయికి పెరగవచ్చు, అప్పుడు గ్లూకోమీటర్‌లో అంకె దాదాపు మామూలుగానే ఉండవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ‘షుగర్ బాగానే ఉంది కదా’ అని ఊరుకోకుండా కీటోన్ పరీక్ష చేయించాల్సింది ఇందుకే. 2017-18 ప్రాంతంలో తెలుగు రాష్ట్రాల్లో అన్నం పూర్తిగా మాన్పించి, కొబ్బరినూనె, నిమ్మరసాలు తాగించే పద్ధతి ఇంటింటికీ పాకింది. ఆ అలవాటు కొంత మిగిలి, దానికి 16:8 తోడైన ఇళ్లు ఉన్నాయి. ఈ మందు వాడేవారు ఆ రెండింటినీ కలపడం గురించి డాక్టరుకు విడిగా చెప్పాలి.

బీపీ సంగతీ అంతే. ఇన్సులిన్ తగ్గినప్పుడు కిడ్నీలు ఎక్కువ ఉప్పును బయటికి పంపుతాయి. ఒక పూట తగ్గితే నోటి ద్వారా వచ్చే ఉప్పు కూడా తగ్గుతుంది. దానిపైన మూత్రం ఎక్కువ చేసే క్లోర్‌థాలిడోన్ లాంటి మందు, నలభై డిగ్రీల ఎండ తోడైతే లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతాయి. థైరాయిడ్ మాత్ర వాడేవారికి ఉపవాసం నిజానికి అనుకూలం, దాన్ని ఎలాగూ పరగడుపునే వేసుకోవాలి. కాకపోతే మాత్ర మింగిన వెంటనే పాలు కలిపిన టీ తాగితే మందూ సరిగా ఒంటబట్టదు, ఉపవాసమూ ఉండదు. నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు ఖాళీ కడుపున పనికిరావు. గౌటు (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాపు), పిత్తాశయ రాళ్లు ఉన్నవారు ముందే చెప్పాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే వయసు పిల్లలు, టైప్ 1 షుగర్ ఉన్నవారు, తిండికి సంబంధించిన మానసిక సమస్యలు ఉన్నవారు, బీఎంఐ 18.5 కన్నా తక్కువ ఉన్నవారు, బలహీనపడిన వృద్ధులు సొంతంగా దీన్ని మొదలుపెట్టకూడదన్న విషయంలో వైద్యుల మధ్య భేదాభిప్రాయం దాదాపు లేదు.

## రంజాన్ నేర్పిన పద్ధతి

తిండి వేళలకు మందులను ఎలా సర్దాలన్న ప్రశ్న హైదరాబాద్‌కు కొత్తది కాదు. ఏటా రంజాన్ నెలలో పాతబస్తీలో, టోలీచౌకిలో, మెహదీపట్నంలో క్లినిక్ నడిపే వైద్యులు చేసే పని అదే. 13 దేశాల్లో 12 వేలమందికి పైగా షుగర్ రోగులను 2001లో పరిశీలించిన ఎపిడియార్ అధ్యయనంలో, రంజాన్ సమయంలో తీవ్రమైన లో షుగర్ టైప్ 1 రోగుల్లో 4.7 రెట్లు, టైప్ 2 రోగుల్లో 7.5 రెట్లు పెరిగినట్లు తేలింది. అప్పటి నుంచి వైద్య సంఘాలు స్పష్టమైన మార్గదర్శకాలు తయారుచేశాయి. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021 మార్గదర్శకాల్లో వయసు, మందులు, గతంలో వచ్చిన లో షుగర్, కిడ్నీల స్థితి వంటి వాటికి మార్కులు వేసి, 3 వరకు తక్కువ ప్రమాదం, 3.5 నుంచి 6 వరకు మధ్యస్థం, అంతకు మించితే ఎక్కువ అని విభజిస్తారు. నెల మొదలవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ఈ పరిశీలన జరగాలని, గ్లూకోజ్ 70 కన్నా తగ్గినా 300 దాటినా రోజా విరమించాలని అందులో చెప్పారు.

రోజాలో నీళ్లు కూడా తాగరు, తినేది రాత్రి వేళ, కాలం ఒక నెల. 16:8లో నీళ్లకు అడ్డు లేదు, కాని దానికి ముగింపు తేదీ లేదు. ఈ తేడాలున్నా మందులను సర్దే సూత్రం ఒకటే. విచిత్రమేమిటంటే, రోజా ఉంటానని రోగి డాక్టరుకు ముందుగా చెబుతాడు, టిఫిన్ మానేశానని చెప్పడు. మొదటిది ఉపవాసం, రెండోది ‘డైట్’. కార్తీక సోమవారాలు, శనివారం ఒక్కపొద్దుల సంగతీ అంతే. వాటిని తిండి మార్పుగా ఎవరూ లెక్కలోకి తీసుకోరు, పొద్దుటి మాత్ర మాత్రం యథాప్రకారం వేసుకుంటారు. ఒక్కపొద్దు రోజు రాత్రి ఫలహారం పేరుతో ఉప్పుడుపిండి, సగ్గుబియ్యం ఉప్మా ఎక్కువగా తింటే పగలు లో షుగర్, రాత్రి హై షుగర్ రెండూ ఒకే రోజున చూడవచ్చు.

## ఏ ఎనిమిది గంటలు?

ఎన్ని గంటల ఉపవాసం అన్నదానిపై నడిచే చర్చ ఏ వేళ ఉపవాసం అన్నదానిపై నడవడం లేదు. ఉదయం ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది, పొద్దుపోయేకొద్దీ దాని పట్టు సడలుతుంది. ఒకే రెండు ఇడ్లీలు ఉదయం తిన్నప్పటికన్నా రాత్రి పదింటికి తిన్నప్పుడు గ్లూకోజ్ ఎక్కువ పెరగడానికి అదే కారణం. అమెరికాలో షుగర్ అంచున ఉన్న ఎనిమిది మంది పురుషులతో జరిగి 2018లో ప్రచురితమైన చిన్న ప్రయోగంలో, మధ్యాహ్నం మూడింటికల్లా ఆఖరి భోజనం ముగిసేలా ఆరు గంటల్లోనే తినిపించారు. బరువు తగ్గకపోయినా ఐదు వారాల్లో ఇన్సులిన్ పనితీరు, రక్తపోటు మెరుగుపడ్డాయి. ఎనిమిది మందిని బట్టి నగరానికంతటికీ నియమం పెట్టలేము గాని, దిశ స్పష్టంగా ఉంది.

ఇక్కడ జరుగుతున్నది దానికి తలకిందులు. పేరుకు ఎనిమిదింటికే ముగించాలన్నా, హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో రాత్రి భోజనం తొమ్మిదిన్నర, పది. కుటుంబమంతా కలిసి కూర్చునేది ఆ ఒక్క పూటే కాబట్టి దాన్ని వదులుకోలేక, తేలిగ్గా వదిలేయగల టిఫిన్‌ను వదిలేస్తారు. జైన కుటుంబాలు సూర్యాస్తమయం లోపే భోజనం ముగిస్తాయి గనుక ఈ విషయంలో వారి సంప్రదాయం ప్రయోగశాల ఫలితాలకు దగ్గరగా ఉంది. మిగతావారికి మూడింటికే ఆఖరి భోజనం అనేది జరిగే పని కాదు. ఉదయం తొమ్మిదికి టిఫిన్ తిని సాయంత్రం ఏడింటికల్లా భోజనం ముగించడం, ‘16’ అన్న అంకె రాకపోయినా, టిఫిన్ మాని రాత్రి పదింటికి తినడం కన్నా శరీర గడియారానికి దగ్గర. గచ్చిబౌలిలో అమెరికా వేళలకు పనిచేసేవారికి ఈ లెక్క కూడా వర్తించదు. వారి షిఫ్టు వివరం తెలియకుండా ఏ డాక్టరు చెప్పే సలహా అయినా గుడ్డిగా చెప్పినట్లే.

## రెండు నిమిషాల్లో ఏం అడగాలి

‘మంచిదేనా?’ అన్న ప్రశ్నకు బదులు ‘ఇకనుంచి మొదటి తిండి పన్నెండింటికి, ఆఖరిది ఎనిమిదింటికి. ఈ మాత్రల్లో వేటిని మార్చాలి?’ అని అడిగితే, ఉన్న సమయంలోనే వాడుకోదగ్గ జవాబు వస్తుంది. మందుల పేర్లు గుర్తుండవు కాబట్టి స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేద మాత్రలతో సహా, కవరులో వేసుకెళ్లడం మేలు. మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఇంట్లో కొలిచిన బీపీ అంకెలు దగ్గరుంటే డాక్టరు కొత్తగా పరీక్షలు రాయకుండానే నిర్ణయం తీసుకోగలరు. గతంలో ఎప్పుడైనా లో షుగర్ వచ్చిందా అన్నది అడగకపోయినా చెప్పాల్సిన విషయం. ఉదయం ఖాళీ కడుపుతో బండి నడుపుతారా, బస్సు నడిపే ఉద్యోగమా అన్నది కూడా. మొదటి రెండు వారాలు ఉదయం పది, పదకొండు గంటల మధ్య గ్లూకోమీటర్‌తో చూసుకుని రాసుకున్న అంకెలు తర్వాతి సందర్శనలో వంద మాటల పెట్టు.

ఏం తినాలన్న చర్చకు డాక్టరు దగ్గర సమయం ఉండదు, అది డైటీషియన్ పని. ఇక్కడొక ఇబ్బంది ఉంది. మన దేశంలో కొన్ని వారాల ఆన్‌లైన్ కోర్సు చేసినవారు కూడా ‘న్యూట్రిషనిస్ట్’ బోర్డు పెట్టుకుంటున్నారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పోషకాహార నిపుణులను నమోదు చేయాల్సిన వృత్తుల్లో చేర్చింది. ఆ నమోదు పూర్తిగా అమల్లోకి వచ్చేదాకా, ఆస్పత్రి డైటీషియనా, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ ఇచ్చే రిజిస్టర్డ్ డైటీషియన్ గుర్తింపు ఉందా అని అడిగి తెలుసుకోవడం రోగి బాధ్యతగానే మిగిలింది. మందు మోతాదు తగ్గించమని చెప్పే హక్కు డైటీషియన్‌కు లేదు. అలా చెప్పే ‘కోచ్’ దగ్గర ఇంక కూర్చోవాల్సిన పని లేదు.

ఉపవాసం మొదలుపెట్టేటప్పుడు డాక్టరుకు చెప్పేవారు కొందరైనా ఉన్నారు. మానేసినప్పుడు చెప్పేవారు ఇంకా తక్కువ. ఉపవాసానికి తగ్గట్టు గ్లిమెపిరైడ్‌ను సగానికి తగ్గించిన తర్వాత, పెళ్లిళ్ల సీజన్‌లోనో సంక్రాంతికి ఊరెళ్లినప్పుడో నియమం తప్పి మళ్లీ మూడు పూటలా తినడం మొదలవుతుంది, మాత్ర మాత్రం సగమే ఉంటుంది. అప్పుడు గ్లూకోజ్ చెమట పట్టించకుండా, చేతులు వణికించకుండా నెమ్మదిగా పెరుగుతుంది కనుక, తర్వాతి హెచ్‌బీఏ1సీ పరీక్ష వరకు ఎవరికీ తెలియదు. మోతాదు తగ్గించిన రోజునే, ఉపవాసం ఆపితే పాత మోతాదుకు ఎలా, ఎప్పుడు తిరిగి వెళ్లాలో చీటీ మీద రాయించుకోవడం దీనికి సులువైన పరిష్కారం.